వెదురు కర్ర, జీలుగు బెండు, మంచి కొక్కెం: తక్కువ ఖర్చు గాలపు సామగ్రిపై ఒక సమీక్ష

గోదావరి తూర్పు డెల్టా కాలువల మీద, ఊరి చెరువుల గట్ల మీద సరదాకు గాలం వేసేవారికి ఎలాంటి సామగ్రి సరిపోతుందో, అందులో ఏది డబ్బు పెట్టి కొనాలో, ఏది ఇంట్లోనే చేసుకోవచ్చో తెలియజేయడానికి ఈ సమీక్ష రాస్తున్నాను. ఇందులో నేను పరిశీలించినవి ఇంట్లో తయారుచేసిన వెదురు గాలపు కర్ర, నీటిపైన తేలుతూ చేప ఎరను తాకగానే కదిలి తెలిపే జీలుగు బెండు, ప్లాస్టిక్ గొట్టం మీద చుట్టుకునే చేతి గాలం, పిండి ఎర, బజారులో కొన్న కొక్కేలు, నైలాన్ దారం. వీటికి పోలికగా ఆన్‌లైన్‌లో చవకగా దొరికే మడత కర్ర, దారం చుట్టే రీలు కలిపిన కిట్టును కూడా వాడి చూశాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: చేతిలో ఉన్న డబ్బు కొక్కేనికీ దారానికీ పెట్టాలి, మిగిలినదంతా చేత్తో చేసుకోవాలి. మన కాలువలకు ఆ పద్ధతి సరిపోవడమే కాదు, చాలా సందర్భాల్లో అదే మేలైనది.

ఎందుకు మేలైనదో అర్థం కావాలంటే ముందు మన నీళ్ల సంగతి చూడాలి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం పాత ఆనకట్ట స్థానంలో కట్టిన బ్యారేజీ నుంచి పారే మండపేట కాలువ, కాకినాడ కాలువ, సామర్లకోట కాలువ, వాటి పిల్ల కాలువలు, బోదెలు చాలాచోట్ల పెద్ద వెడల్పు ఉండవు. పైగా చేప కాలువ నడిమధ్యన తిరగడం కన్నా తూముల దగ్గర, లాకుల కింద సుడి తిరిగే నీటిలో, గుర్రపుడెక్క అంచున, వంతెన స్తంభాల నీడలో నిలబడడానికే ఇష్టపడుతుంది. ఆ చోట్లన్నీ గట్టుకు పది పన్నెండు అడుగుల లోపే ఉంటాయి. నలభై గజాల దూరం విసరగలిగే రీలు చేతిలో ఉన్నా, కాలి ముందున్న చేపను పట్టడానికి అది ఉపయోగపడదు. కాలువల్లో సాధారణంగా గాలానికి పడేవి పరిగెలు, జెల్లలు, జిలేబీ చేపలు, అప్పుడప్పుడు మట్టగిడసలు, కొర్రమీనులు. ఇక బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వంటి పెంపకపు చేపలు ఎక్కువగా చెరువుల్లో ఉంటాయి. గాలానికి పడేవాటిలో అరకిలో దాటనివే ఎక్కువ. అంతటి చేపకు పొడవైన కర్ర, దాని కొనకు కట్టిన దారం చాలు.

ఆన్‌లైన్ కిట్టు విషయం క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. తయారీదారు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఒకే వస్తువు పది పేర్లతో అమ్ముడుపోతోంది. ఏడడుగుల మడత కర్ర, చిన్న రీలు, దారం, రంగురంగుల ప్లాస్టిక్ చేపలు, కొన్ని కొక్కేలు ఒక సంచిలో వస్తాయి. సంచిలో ఇమిడిపోవడం, బస్సులో పట్టుకెళ్లడానికి వీలుగా ఉండడం దాని మంచి గుణాలు, కాదనను. అయితే కర్ర మీద దారం నడిచే ఉంగరాల జిగురు ఎండకు మెత్తబడి ఉంగరాలు పక్కకు తిరిగిపోయాయి. దానితో ఇచ్చిన దారం ముడి దగ్గరే పుటుక్కున తెగింది. కొక్కేలను వేలితో గట్టిగా లాగితే విప్పారిపోయాయి. ప్లాస్టిక్ చేపలు మన పరిగెలకు, జిలేబీలకు పనికిరావు, ఎర రుచి చూసి తినే చేపలు వాటి వంక కూడా చూడవు. అన్నిటికన్నా పెద్ద లోపం కర్ర పొడవు. ఏడడుగుల కర్రతో గుర్రపుడెక్క అవతలి అంచుకు బెండును నిదానంగా దించడం సాధ్యం కాదు, విసరాల్సి వస్తుంది. విసిరితే చప్పుడవుతుంది, చేప చెదిరిపోతుంది.

ఇప్పుడు వెదురు కర్ర. పది నుంచి పన్నెండు అడుగుల పొడవు, మొదట్లో బొటనవేలంత లావు, కొనలో పెన్సిలు కన్నా సన్నగా ఉన్న కర్రను వెదురు డిపోలో ఏరుకోవాలి. పందిళ్లకు, పాదులకు వాడే కర్రల మోపులోనే ఇవి దొరుకుతాయి. నేను కొన్నదానికి ఒక పూట టిఫిను ఖర్చు కూడా కాలేదు. లోపల బోలు తక్కువగా ఉన్న గట్టి వెదురు అయితే బరువు కొంచెం ఎక్కువైనా విరగదు. బోలు వెదురు తేలికగా ఉంటుంది గాని కణుపుల మధ్య చీలుతుంది. కర్రను చేతిలోకి తీసుకుని కొనను నేలకు ఆనించి మెల్లగా వంచి చూడాలి. వంపు మొదటి సగంలో మొదలై కొన వరకు సాఫీగా సాగితే అది మంచి కర్ర. ఒకే కణుపు దగ్గర మెడ విరిచినట్టు వంగితే ఎంత నిటారుగా ఉన్నా వదిలేయాలి. పచ్చి కర్రను కొన్న రోజే వాడకూడదు. నీడలో, గాలి తగిలే చోట, రెండు మూడు చోట్ల ఆనిక ఉండేలా అడ్డంగా పడుకోబెట్టి కొన్ని వారాలు ఆరనివ్వాలి. ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి, గోడకు ఆనించి నిలబెడితే వంకర తిరుగుతుంది.

ఆరిన తరువాత కణుపుల దగ్గరి గరుకును ఉప్పు కాగితంతో రుద్దాలి. వంకరలుంటే నిప్పుల సెగకు కొంచెం ఎడంగా తిప్పుతూ కాచి, వేడి మీద గుడ్డతో పట్టుకుని సరిచేసి, చల్లారే వరకు అలాగే పట్టుకుంటే చాలావరకు నిలుస్తుంది. కొన వైపు నాలుగైదు కణుపుల దగ్గర మిషన్ దారాన్ని పక్కపక్కనే బిగుతుగా చుట్టి, దాని మీద వార్నిష్ పూస్తే చీలిక ముందుకు పాకదు. కర్రంతటికీ వార్నిష్ గాని అవిసె నూనె గాని రెండు పూతలు వేస్తే నీళ్లు పీల్చదు, పురుగు పట్టదు. దారాన్ని కొనకు మాత్రమే కట్టి ఊరుకునేవారు చాలామంది ఉన్నారు. అంతకన్నా మంచి పద్ధతి ఏమిటంటే, కర్ర మధ్యలో ఒక కణుపు దగ్గర దారాన్ని గట్టిగా కట్టి, అక్కడి నుంచి కర్రకు రెండు మూడు చుట్లు తిప్పుతూ కొన దాకా తెచ్చి, అక్కడ మళ్లీ ముడి వేయడం. పెద్ద చేప పడి కొన విరిగినా దారం మధ్య కణుపుకు కట్టి ఉంటుంది కనుక చేప నోట్లో కొక్కెంతో, వెనక బారెడు దారంతో పారిపోయే దుస్థితి రాదు. దీన్ని చేపను దక్కించుకునే ఉపాయంగానే కాక చేప పట్ల మన బాధ్యతగా కూడా చూస్తాను.

కర్ర కొన నుంచి వేలాడే దారం కర్ర పొడవుకన్నా జానెడు తక్కువగా ఉంటే అన్నివిధాలా సౌకర్యం. కర్రను నిటారుగా లేపగానే కొక్కెం నేరుగా ఎడమచేతిలోకి వచ్చి పడుతుంది. ఈ చిన్న కొలత పాటించని గాలంతో ప్రతిసారీ దారం వెంట చేతులు చాపాల్సి వస్తుంది.

దారం దగ్గర పిసినారితనం పనికిరాదు. ఒకప్పుడు మన ఊళ్లలో జనపనారను పేని గాలపు తాడుగా వాడేవారు. నైలాన్ వచ్చాక తంగూసు దారం వాడుక సర్వసాధారణమైంది. పరిగెలకు, జెల్లలకు, చిన్న జిలేబీలకు 0.20 నుంచి 0.25 మిల్లీమీటర్ల మందం చాలు, చెరువు చేపలకు 0.30, కొర్రమీనుకు 0.40. దుకాణాల్లో మందమైన దారాన్నే గట్టిదని చెప్పి అంటగడుతుంటారు. కాని మందమైన దారం నీళ్లలో చుట్టలు చుట్టలుగా తేలి, బెండును తన వైపు లాగి, చేపకు అనుమానం కలిగిస్తుంది. నైలాన్‌కు రెండు శత్రువులు: ఎండ, మెలిక. దుకాణం గుమ్మానికి ఎండలో వేలాడదీసిన చుట్టను ఎంత తక్కువకు ఇచ్చినా కొనవద్దు. దారాన్ని గోటి మీదుగా లాగినప్పుడు గరుకుగా తగిలినా, తెల్లగా సున్నం పట్టినట్టు కనిపించినా దాని బలం తగ్గిందని అర్థం. నీళ్లలో నానిన నైలాన్ పొడి నైలాన్ కన్నా కొంత బలహీనపడుతుంది, ముడి దగ్గర ఇంకా తగ్గుతుంది. అందుకని చుట్ట మీద రాసిన కిలోల లెక్కను ఎప్పుడూ పూర్తిగా నమ్మకూడదు. ముడి వేసేటప్పుడు కొక్కెం కన్నులోంచి దారం దూర్చి, ఐదారు మెలికలు తిప్పి, కొసను మొదటి సందులోంచి తీసి, బిగించే ముందు తప్పనిసరిగా ఉమ్మితో తడపాలి. పొడి ముడిని బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ లోపలే దెబ్బతింటుంది, ఆ సంగతి చేప లాగినప్పుడు గాని తెలియదు. నూరు మీటర్ల మంచి చుట్ట ఒకటి కొంటే ఒక్కో గాలానికి ఆరు మీటర్లకు మించి పట్టదు కాబట్టి, వెల కొంచెం ఎక్కువైనా అది ఎంతోకాలం వస్తుంది.

కొక్కెం అన్నిటికన్నా ముఖ్యమైనది, పైగా ఇంట్లో చేయలేనిది. గుండుసూదిని వంచి కొక్కెం చేసే పిల్లల సరదాను గౌరవిస్తాను గాని, దానితో చేప నోరు చీరుకుపోవడమే ఎక్కువ. నార్వేకు చెందిన మస్టాడ్ సంస్థ పందొమ్మిదో శతాబ్దం నుంచి కొక్కేలు చేస్తోంది, మన వలల దుకాణాల్లోనూ వాటిని అడిగి తీసుకునేవారున్నారు. నేనూ వాటినే వాడుతున్నాను. ముక్కు పదును, ఉక్కు గట్టిదనం పెట్టెలో మొదటి కొక్కెం నుంచి చివరిదాకా ఒకేలా ఉన్నాయి. కొత్తవారు గమనించవలసిన సంగతి ఏమిటంటే, సంఖ్య పెరిగే కొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. పరిగెలకు 12 లేదా 14, జెల్లలకు, జిలేబీలకు 8 లేదా 10, చెరువు చేపలకు 6 సంఖ్య కొక్కేలు నాకు బాగా పనిచేశాయి. పదును చూడడానికి ముక్కును బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా జరపాలి. గోటిని పట్టి ఆగితే మంచిది, జారిపోతే ఆకురాయితో రెండుసార్లు రుద్దాలి లేదా పారేయాలి. కొక్కెం మీద ఉండే ఎదురు ముల్లును పట్టకారుతో నొక్కి చదును చేసి వాడడం నా పద్ధతి. దారం సడలకుండా పట్టగలిగితే చేప తప్పించుకోదు. చిన్న చేపను తిరిగి నీళ్లలో వదలాలన్నా, పొరపాటున వేలికి గుచ్చుకున్నా సులభంగా బయటికి వస్తుంది. పిల్లలతో వెళ్లేవారికి ఇది మరీ అవసరం.

బెండు విషయానికి వస్తే, చేత్తో చేసిన వస్తువు కొన్నదానికన్నా స్పష్టంగా మెరుగ్గా ఉన్న చోటు ఇదే. పెళ్లిళ్లకు బెండు పువ్వులు చేయడానికి వాడే నీటి జీలుగు కాండం పైతొక్క చెక్కితే లోపల పాలలాంటి తెల్లటి బెండు వస్తుంది. చిటికెన వేలంత ముక్క కోసి, పదునైన బ్లేడుతో రెండు కొసలూ సన్నగా చెక్కి, కొబ్బరి ఈనెను మధ్యలోంచి గుచ్చి, రెండు వైపులా కొంచెం మిగిల్చి కత్తిరిస్తే బెండు సిద్ధం. జీలుగు నీళ్లు పీల్చుతుంది కనుక పైన పలచగా గోళ్ల రంగో వార్నిషో వేయాలి. సైకిలు వాల్వు ట్యూబును వడ్లగింజంత ముక్కలుగా కోసి, రెండు ముక్కలను దారానికి ఎక్కించి, వాటిలో ఈనె రెండు కొసలూ దూరిస్తే బెండు గట్టిగా నిలుస్తుంది, లోతు మార్చాలనుకున్నప్పుడు పైకీ కిందికీ జరుగుతుంది. దుకాణంలో దొరికే ప్లాస్టిక్ బంతి బెండు లావుగా ఉండి, పరిగె ఎరను తినేసి వెళ్లినా కదలదు. జీలుగు బెండు మాత్రం ఎరను చేప మూతితో తాకినా చెబుతుంది. థర్మోకోల్ ముక్కతో చేసుకోవచ్చు గాని, అది పొడిపొడిగా రాలి కాలువలో కలుస్తుంది. జీలుగు దొరుకుతుండగా దాని జోలికి పోనక్కరలేదు.

బెండు కొసకు వేసే రంగును నీటి రంగు చూసి ఎంచుకోవాలి. అందరూ ఎరుపు వేస్తారు. వరదల కాలంలో కాలువలోకి ఎర్రనీరు వచ్చినప్పుడు ఎరుపు కొస కనబడక కళ్లు పీకుతాయి. ఆ రోజుల్లో పసుపు గాని తెలుపు గాని బాగా తెలుస్తుంది. సాయంత్రం వేళ, ఆకాశపు వెలుగు నీళ్ల మీద పడి మెరుస్తున్నప్పుడు నలుపు అన్నిటికన్నా స్పష్టం. నేను మూడు రంగుల బెండ్లు చేసి సంచిలో ఉంచుకుంటాను.

బరువు కట్టడంలో అసలు నైపుణ్యం ఉంది. బకెట్టు నీళ్లలో బెండును వేసి, కొక్కేనికి పైన జానెడు దూరంలో కొంచెం కొంచెంగా బరువు పెంచుతూ, కొస ఒక్క వడ్లగింజంత మాత్రమే నీటిపైన నిలిచే వరకు సరిచూడాలి. ఇందుకు చాలామంది సీసపు గుళ్లు వాడతారు, వాటిని పళ్లతో కొరికి నొక్కుతారు. దయచేసి అలా చేయవద్దు, సీసం విషం. నీటి అడుగున రాలిన సీసపు గుళ్లను మింగి హంసలు చనిపోతున్నాయని బ్రిటన్‌లో 1987లోనే చిన్న సీసపు బరువుల అమ్మకాన్ని నిషేధించారు. మన చెరువుల్లోనూ బాతులు, నీటికోళ్లు అడుగు బురదను వెతికే తింటాయి. పాత మోటారు వైండింగు రాగి తీగను పుల్ల మీద నాలుగైదు చుట్లు చుట్టి తీస్తే చిన్న స్ప్రింగు వస్తుంది. దాన్ని దారానికి ఎక్కించి నొక్కితే సీసం చేసే పనంతా చేస్తుంది. బరువైన గాలానికి ఇనుప నట్టు చాలు.

లోతు తెలుసుకోవడానికి కొక్కేనికి ఒక నట్టు తగిలించి నీళ్లలో దించాలి. బెండు మునిగిపోతే దాన్ని పైకి జరపాలి, పక్కకు ఒరిగి తేలితే కిందికి జరపాలి. ఎర ఏ మట్టంలో ఉండాలన్నది చేపను బట్టి ఉంటుంది. బొచ్చె పైనీటిలో, శీలావతి నడినీటిలో, ఎర్రమోసు అడుగున మేస్తాయని చెరువు పెంచే రైతులందరికీ తెలుసు, గాలం వేసేవారూ ఆ లెక్కనే పాటించాలి. జెల్లలకు, మట్టగిడసలకు ఎర అడుగును తాకాలి. బెండు కదలిక కూడా ఒక్కో చేపకు ఒక్కో తీరు. పరిగె గబగబా వణికిస్తుంది, జెల్ల పక్కకు ఈడ్చుకుపోతుంది, అడుగున మేసే చేప ఎరను నోట పట్టి పైకి లేచినప్పుడు బెండు మునగడానికి బదులు పడుకుంటుంది. ఆ పడుకున్న క్షణంలో మణికట్టుతో చిన్న లాగు చాలు. భుజం ఎగరేసి లాగేవారి గాలం చెట్టుకొమ్మల్లో చిక్కుకుంటుంది.

ఎర కోసం బజారుకు వెళ్లనక్కరలేదు. పేడకుప్ప అంచున తడినేల తవ్వితే వానపాములు, మా వైపు మాటలో ఎర్రలు, ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. వాటిని తడిమట్టి, కుళ్లిన ఆకు వేసిన కొబ్బరి చిప్పలో, పైన తడిగుడ్డ కప్పి ఉంచితే పూటంతా చురుగ్గా ఉంటాయి. జెల్లలు, మట్టగిడసలు దీన్ని విడిచిపెట్టవు. చెరువు చేపలకు మాత్రం పిండి ముద్ద మేలు. గోధుమపిండి రెండు వంతులు, వేయించిన తవుడు ఒక వంతు, పొడి కొట్టిన వేరుశనగ చెక్క ఒక వంతు తీసుకుని, గోరువెచ్చని నీళ్లతో చపాతీ ముద్దకన్నా గట్టిగా కలపాలి. అందులో కొంచెం దూదిని పోగులు పోగులుగా పీకి పిసికితే ముద్ద కొక్కేన్ని పట్టుకుని నిలుస్తుంది, నీళ్లలో తొందరగా కరగదు. చిటికెడు ఇంగువ గాని దంచిన సోంపు గాని కలిపితే వాసన దూరం పాకుతుంది. తవుడు, చెక్క కలిపిన వదులు ఉండలను గాలం వేసే చోట ముందుగా రెండు మూడు వేసి, కాసేపు ఆగి కూర్చుంటే చేప అక్కడికి చేరుతుంది. ఎక్కువ వేస్తే చేప కడుపు నింపుకుని వెళ్లిపోతుంది, నీరూ పాడవుతుంది. ఆన్‌లైన్‌లో అమ్మే రుచుల పొడులు ఒకటి రెండు వాడి చూశాను. ఘాటైన వాసన తప్ప, ఈ ఇంటి ముద్ద కన్నా మెరుగైన ఫలితం ఏదీ ఇవ్వలేదు.

గట్టుకు దూరంగా, లోతైన చెరువుల్లో అడుగున ఎర వేయాలంటే గొట్టపు గాలం పనికొస్తుంది. ప్లంబింగు పనిలో మిగిలిన మూడంగుళాల ప్లాస్టిక్ గొట్టం జానెడు ముక్క తీసుకుని, అంచులు ఉప్పు కాగితంతో గుండ్రంగా రుద్ది, దారం ఒక కొసను గొట్టానికి రంధ్రం చేసి కట్టి, ముప్పై మీటర్లు వరసగా చుట్టాలి. ఎడమచేత్తో గొట్టాన్ని చెరువు వైపు చూపి పట్టుకుని, కుడిచేత్తో నట్టు కట్టిన కొసను తిప్పి విసిరితే దారం గొట్టం మీంచి చుట్లు చుట్లుగా జారి సాఫీగా పోతుంది. నేరుగా చూస్తే రీలు చేసే పనీ ఇదే. చేప లాగినప్పుడు దారం వేలిని కోయకుండా సైకిలు ట్యూబు ముక్కను చూపుడువేలికి తొడుక్కోవాలి. దీని లోపం కూడా చెప్పాలి: కర్రకున్న స్థితిస్థాపకత దీనికి లేదు, పెద్ద చేప ఒక్కసారిగా గుంజితే ఆ దెబ్బంతా దారం మీదా వేలి మీదా పడుతుంది. పిల్లలకు దీన్ని ఇవ్వవద్దు.

కొర్రమీనుకు దారి వేరు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన ఈ జాతి గాలిని నేరుగా పీల్చగలదు కనుక, నాచు పట్టిన తక్కువ నీటిలోనూ బతుకుతుంది, కప్పల మీద విరుచుకుపడుతుంది. అందుకని బతికున్న కప్పను గుచ్చే అలవాటు చాలాచోట్ల ఉంది. అది క్రూరమైన పని, అవసరమూ లేదు. అరిగిపోయిన హవాయి చెప్పు మడమ దగ్గరి రబ్బరును చింతగింజ ఆకారంలో రెండంగుళాల ముక్కగా కోసి, కింద కొక్కెం బిగించి, వెనక ముదురాకుపచ్చ గుడ్డ పీలికలు రెండు కాళ్లలా కట్టి, నాచు మీదుగా చిన్న చిన్న గెంతులతో లాగితే కొర్రమీను నిజమైన కప్పనుకునే అందుకుంటుంది. రబ్బరు తేలుతుంది కనుక కొక్కెం పైకి తిరిగి ఉంటే నాచులో చిక్కుకోదు. ఒక జాగ్రత్త: వానాకాలంలో ఎర్రటి చేపపిల్లలు నీటిపైన గుంపుగా ఆడుతూ కనిపిస్తే కింద పెద్ద కొర్రమీను కాపలా ఉందని అర్థం. ఆ సమయంలో అది దగ్గరికి వచ్చిన దేన్నైనా కరుస్తుంది కనుక పట్టడం చాలా తేలిక. కాని దాన్ని తీస్తే పిల్లలన్నీ ఇతర చేపలకు ఆహారమవుతాయి. అక్కడ గాలం వేయకూడదు.

సామగ్రి ఎంత మంచిదైనా, ఎక్కడ వాడుతున్నామన్నది చూసుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా చెరువులు మత్స్యకార సహకార సంఘాల చేతుల్లో, లేదా వేలం పాడుకున్నవారి చేతుల్లో ఉంటాయి. వారు చేపపిల్లలను కొని వదిలి పెంచిన చేపను అడగకుండా పట్టడం సరదా అనిపించుకోదు. గట్టు మీద ఉన్న కాపలాదారును పలకరించి, ఏ చేప వదిలేయాలో అడిగి తెలుసుకుని కూర్చుంటే నాకు తెలిసినంతవరకు కాదన్నవారు తక్కువ. కొల్లేరు, మంజీర వంటి అభయారణ్యాల్లో గాలం తీయనే కూడదు. మందుగుండుతో, విషంతో చేపలు చంపడం 1897 నాటి భారత మత్స్య చట్టం ప్రకారమే నేరం. అలాంటి పని జరిగిన నీళ్లలో ఎన్ని నెలలైనా పరిగె కూడా కనబడదు. మురుగు కలిసే పట్టణపు చెరువుల్లో పట్టిన చేపను మాత్రం కూరకు తీసుకుపోవద్దు. జిలేబీ చేప విషయంలో నాకు వదలాలన్న పట్టింపు లేదు. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ ఆఫ్రికా చేప ఇక్కడి చేపల మేతనూ చోటునూ ఆక్రమించింది, పడినదాన్ని పడినట్టే ఇంటికి తీసుకెళ్లవచ్చు.

తెగిన దారం ముక్కను గట్టున పారేయడం నేను చూసిన అలవాట్లలో అన్నిటికన్నా చెడ్డది. కొంగ కాలికి తంగూసు చుట్టుకుని, చర్మంలోకి దిగి, ఆ కాలు వాచిపోయి ఎగరలేక గట్టున కూర్చున్న దృశ్యం ఒకసారి చూసినవారు మళ్లీ దారం పారేయరు. తెగిన ముక్కలన్నిటినీ డబ్బాలో వేసుకుని ఇంటికి తేవాలి, చెత్తలో వేసేముందు చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించాలి. ఇక కరెంటు తీగల కింద పొడవాటి కర్ర ఎత్తకూడదు. కార్బన్ కర్ర విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, తడిసిన వెదురునూ నమ్మలేము.

ఖర్చు లెక్కకు వస్తే, వెదురు కర్ర, దారం చుట్ట, రెండు రకాల కొక్కేలు, వార్నిష్ అన్నీ కలిపి నాకు మూడు వందల రూపాయలు దాటలేదు. చవక కిట్టుకు అంతకు మూడు నాలుగు రెట్లు అయింది. వెదురు కర్రకున్న అసలు ఇబ్బంది రవాణా, పన్నెండు అడుగుల కర్ర ఆటోలోనూ పట్టదు, బస్సులోనూ ఎక్కనివ్వరు. ఊళ్లో నడిచి వెళ్లేవారికి ఆ బాధ లేదు. పట్టణాల్లో, అపార్టుమెంట్లలో ఉండేవారు మాత్రం రీలు కిట్టుకు బదులు ఉంగరాలు, రీలు ఏమీ లేని ఫైబర్‌గ్లాస్ మడత కర్రను, నాలుగున్నర మీటర్లది, కొనుక్కోవాలని నా సలహా. మడిస్తే నాలుగడుగుల లోపే ఉంటుంది, కొనకు దారం కట్టే కుచ్చు ఉంటుంది, పైన చెప్పిన దారం, కొక్కెం, బెండు, ఎర అన్నీ దానికి యథాతథంగా సరిపోతాయి. కొనేటప్పుడు దుకాణంలోనే పూర్తిగా విప్పి, ప్రతి కీలు దగ్గరా తిప్పి చూసి, కొన ముక్కకు విడి ముక్క అమ్ముతారో లేదో అడగాలి. మొదట విరిగేది ఆ కొన ముక్కే, అది దొరక్కపోతే కర్రంతా మూలపడుతుంది. వాడిన తరువాత ప్రతి ముక్కనూ తుడిచి ఆరబెట్టి మడవాలి. కాలువ నీటిలోని సన్న ఇసుక కీళ్లలో చేరితే మళ్లీ విప్పడం కష్టం.